ఒకటి, మూడు, పదిహేను

ఏలూరు కాలువ కట్టేసిన వారానికి మా అమ్మాయి శాంభవి వాళ్ళమ్మ బీరువా సర్దడానికి వచ్చింది. ఏటా ఏప్రిల్లో కాలువలకి నీళ్ళు ఆపేస్తారు, మళ్ళీ జూన్‌లో వదులుతారు. ఆ మధ్య రోజుల్లో బురదా ప్లాస్టిక్ సంచులూ బయటపడి, సత్యనారాయణపురంలో మేమంతా ముక్కు మూసుకుని తిరుగుతాం. మా ఆవిడ త్రిపురసుందరి పోయి అప్పటికి మూడు నెలలు కావస్తోంది. పోయిన వేసవి మాట ఇది.

చీరలు తీసి మంచం మీద పెడుతున్న శాంభవి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నాన్నా, ఇలా రా. ముట్టుకోకు, చూడు చాలు."

చీరల మడతల్లో త్రిపుర ఫోను. వెనక మూత ఓ పక్కన లేచిపోయింది. లోపల బ్యాటరీ పూరీలా పొంగి ఉంది.

"పాతబడింది, అంతేగా," అన్నాను.

"పాతబడటం కాదు, పేలుతుంది. గన్నవరంలో రోజూ కౌంటరు దగ్గర నిలబడి, పొంగిన బ్యాటరీలు తేవద్దు బాబూ అని ఎంతమందికి మొత్తుకుంటానో నీకేం తెలుసు? నువ్వేమో పట్టుచీరల మధ్య పెట్టుకుని కూర్చున్నావు."

శాంభవి విమానాశ్రయంలో ఓ విమానాల కంపెనీ కౌంటర్లో పనిచేస్తుంది. అత్తవారిల్లు కూడా గన్నవరంలోనే. ఆదివారాలు వచ్చి నన్ను తిట్టి, నాలుగు రోజులకి సరిపడా కూరలు చేసి వెళ్తుంది. తల్లి పోయాక దానికి ఏడుపు రావలసినప్పుడల్లా కోపం వచ్చేది. నాకు ఆ కోపం కూడా రాలేదు. కుర్చీలో కూర్చునేవాణ్ణి.

"ఇందులో ఫొటోలుంటాయే. దింపుకుని ఇచ్చేస్తాను," అన్నాను.

ఓ స్టీలు డబ్బాలో ఇసుక పోసి, దాని మీద ఫోను పెట్టి, బాల్కనీలో తులసికోట వెనక నీడన ఉంచింది. వచ్చే ఆదివారానికి ఇది ఇంట్లో ఉండకూడదని చెప్పి మరీ వెళ్ళింది. ఆ ఆదివారం వచ్చింది, ఆపై ఆదివారమూ వచ్చింది. ఇంకా ఫొటోలు దింపుతున్నానని చెబుతూనే ఉన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి. పని పూర్తికాకపోవడానికి చెప్పే సాకులన్నీ నాకు కంఠతా వచ్చు.

నిజానికి మొదటి రోజే కాసేపు ఛార్జింగ్ పెట్టి ఫోను తెరిచాను, ఫొటోలు అప్పుడే అయిపోయాయి. మొత్తం నలభై ఉన్నాయి, అందులో ముప్పై ముగ్గులు. ఫోనుకి తాళం లేదు. ఆవిడకి దాచుకునేదేమీ లేదని నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను. ఫొటోలయ్యాక ఊరికే వేలు పక్కకి జరిపితే ఆ ఆట కనపడింది.

దాని పేరు వింతవేట. అయిదేళ్ళ కిందట త్రిపురకి షుగరొచ్చి డాక్టరు నడవమంటే, నడిపించడానికి శాంభవే వాళ్ళమ్మ ఫోన్లో వేసింది. ఫోను పట్టుకుని నడుస్తుంటే వీధి మ్యాపు మీద వింత జంతువులు కనిపిస్తాయి. వల విసిరి పట్టుకోవాలి, పెంచాలి, అక్కడక్కడా ఉండే కోటల దగ్గర వేరేవాళ్ళ జంతువులతో కొట్లాడించాలి. త్రిపుర గొడుగు వేసుకుని కాలువ గట్టున తిరిగి తిరిగి షుగరు దించుకుంది. నేను మాత్రం వీలైనప్పుడల్లా వెక్కిరించాను. భూతవైద్యం ఎంతవరకు వచ్చిందని అడిగేవాణ్ణి.

ఆట తెరుచుకోగానే ముందుగా ఓ చీటీ లాంటిది వచ్చింది. 'పునుగు మీ కోటని మూడు రోజుల ఆరు గంటలు కాపాడి తిరిగి వచ్చింది.' తేదీ జనవరి ముప్పై. త్రిపుర పోయింది ఇరవై ఏడున. పొద్దున్నే పార్కు నుంచి వచ్చి, కాఫీ కలుపుతూ, గుండె ఆగి పోయింది. అంటే ఆ రోజు దాన్ని కోటలో నిలబెట్టి ఇంటికొచ్చిందన్నమాట. ఆవిడ లేదని తెలీక అది మూడు రోజులు అక్కడే నిలబడింది.

పునుగు అంటే గుండ్రంగా, గోధుమరంగులో, అప్పుడే నూనెలోంచి తీసినట్టు మెరుస్తూ ఉండే నీటి జంతువు. ఆటలో దాని జాతి పేరు జలగుండు. పునుగన్నది త్రిపుర పెట్టుకున్న పేరు. కళ్ళు మూసుకుని వెల్లకిలా పడి ఉంది. మూడు నెలలుగా అలాగే పడి ఉంది. నాకు ఆట తెలీదు, అయినా సంచీలో మందు సీసా బొమ్మ కనపడితే నొక్కాను. పునుగు కళ్ళు తెరిచి, రెండు గెంతులు గెంతి, నా వైపు చూసింది. బాల్కనీలో నిలబడి ఏడ్చేశాను. జనవరి తరవాత అదే మొదటిసారి.

మర్నాడు గవర్నర్‌పేటలో ఫోన్లు బాగుచేసే ఫిన్నీ దగ్గరికి డబ్బాతో సహా పట్టుకెళ్ళాను. నా దగ్గర చదువుకున్నవాడే. ఫోను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఈ మోడలుకి బ్యాటరీ ఇప్పుడెక్కడా రావట్లేదు మాస్టారూ. ఇంక దీన్ని వదిలెయ్యడమే మంచిది. ఛార్జింగ్ అసలు పెట్టకండి."

"ఇందులో మీ ఆంటీ ఆట ఉంది. దాన్ని నా ఫోన్లోకి మార్చలేవా?"

"పాస్‌వర్డ్ తెలుసా అండీ?"

"తెలీదు."

"పోనీ, ఆంటీ నంబరుకి ఓటీపీ వస్తుంది. దాంతో తెరవచ్చు."

ఆ నంబరుని ఫిబ్రవరిలో నేనే ఆపించాను. వాడనిది ఎందుకు దండగ అనుకున్నాను. అప్పుడు ఎంతో ముందుచూపుతో చేశాననుకున్నాను కూడా.

కాబట్టి లెక్క తేలిపోయింది. ఆ ఫోను ఉన్నన్నాళ్ళే పునుగు ఉంటుంది. ఈ ఒక్కదాన్నైనా పోనివ్వకూడదు అనుకున్నాను. ఫిన్నీ వద్దన్న ఛార్జింగే రోజూ పెట్టాను, బాల్కనీలో, ఇసుక డబ్బా మీద, పక్కనే బకెట్టుతో కాపలా కూర్చుని. నా అంతటి మూర్ఖపు పని మా కాలేజీలో ఎవడైనా చేసి ఉంటే వాళ్ళ నాన్నని పిలిపించేవాణ్ణి.

మే మొదటివారంలో ఓ పొద్దున్న కాలువ పక్క పార్కులో కూర్చుని, నా ఫోను నుంచి నెట్ ఇచ్చి, ఎలాగో కిందా మీదా పడి పునుగుని అక్కడి కోటలో నిలబెట్టాను. అయిదు నిమిషాలైందో లేదో, స్కూటీ మీద ఓ అమ్మాయి వచ్చి, హెల్మెట్ తియ్యకుండానే పార్కంతా వెతికి నా బెంచీ దగ్గర ఆగింది.

"ఆంటీ పేరు కోట మీద కనపడిందండీ. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు." నా చేతిలో ఉన్న ఫోను చూసింది. "మీరు... మాస్టారా?"

ఆ అమ్మాయి పేరు రామతులసి. సొంతూరు పామర్రు, ఇక్కడ బ్యాంకులో ఉద్యోగం. అయిదేళ్ళుగా రోజూ పొద్దున్న త్రిపురతో కలిసి వేటాడిందట. ఇంటికెప్పుడూ రాలేదు. త్రిపుర ఆ అమ్మాయి మాట నాకు చెప్పే ఉంటుంది, నేను విని ఉండను.

"ఆంటీ అనేవారు, మా మాస్టారు లెక్కల్లో పులి, కానీ మా పునుగంటే చిన్నచూపు అని."

"అసలు దీని గొప్పేమిటమ్మా?"

"గొప్పేం లేదండీ," అని నవ్వింది. నా పక్కన కూర్చుని దాని పుట్టుక వివరాలు తెరిచి చూపించింది. ఒక్కో జాతికీ సొంత బలం ఒకటి ఉంటుంది, అది ఆ జాతిలో అన్నిటికీ ఒకటే. దాని పైన ఒక్కో జంతువుకీ పుట్టుకతో మార్కులు పడతాయి. దాడికి పదిహేను, రక్షణకి పదిహేను, ప్రాణానికి పదిహేను. పునుగుకి దాడి ఒకటి, రక్షణ మూడు, ప్రాణం మాత్రం పదిహేనుకి పదిహేను. గట్టిగా కొట్టలేదు, కాచుకోలేదు, కానీ అంత తొందరగా పడిపోదు.

"మొత్తం నలభై అయిదుకి పందొమ్మిదండీ. నలభై రెండు శాతం. ఇలాంటివాటిని మేం ఉంచుకోం, వదిలేస్తాం."

"ముప్పై అయిదు దాటిందిగా? నా దగ్గరైతే పాసే," అన్నాను.

రామతులసి పగలబడి నవ్వింది. నవ్వి, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంది.

దెబ్బ ఎంత తగులుతుందో ఎలా లెక్కేస్తారని అడిగితే ఆ సూత్రం వాట్సాప్‌లో పంపింది. ఇంటికొచ్చి పాత ప్రశ్నపత్రం వెనకవైపు వేసి చూశాను. దెబ్బకి ఉన్న బలంలో సగం తీసుకోవాలి. కొట్టేదాని దాడిని, తినేదాని రక్షణతో భాగించి, దాంతో గుణించాలి. నీళ్ళ జంతువు నిప్పు జంతువుని కొడితే ఇంకో 1.6 రెట్లు. వచ్చినదాంట్లో దశాంశాలు కొట్టేసి, చివర్న ఒకటి కలపాలి. ఆ ఒకటి ఎందుకో నాకు అంతుబట్టలేదు. మర్నాడు రామతులసే చెప్పింది.

"ఎదుటిదాని రక్షణ ఎంత గట్టిదైనా కనీసం ఒక్కటన్నా తగలాలండీ. లేకపోతే ఆట అక్కడే ఆగిపోదూ?"

పునుగు దెబ్బకి బలం పన్నెండు. దాని జాతి దాడి తొంభై, పుట్టుకతో వచ్చింది ఒకటి, కలిపి తొంభై ఒకటి. ఎదురుగా ఉన్న నిప్పుకోడి రక్షణ నూట యాభై. వేస్తే అయిదు పాయింట్ ఎనిమిది, దశాంశం తీసేస్తే అయిదు, ఒకటి కలిపితే ఆరు. అదే చోట దాడిలో పదిహేనుకి పదిహేను తెచ్చుకున్న జలగుండుని పెట్టి చూశాను. ఏడు. పద్నాలుగు మార్కుల తేడా దెబ్బ దగ్గరికొచ్చేసరికి ఒక్కటైంది. మూడుసార్లు వేసినా అంతే.

వంటింట్లోకి పరిగెత్తబోయాను, చెప్పడానికి. లేచి నాలుగడుగులు వేశాక గుర్తొచ్చింది. ఆ ఆరుకీ ఏడుకీ ఉన్న తేడా ఆవిడతో చెప్పాలని ప్రాణం కొట్టుకుపోయింది. ముప్పై నాలుగేళ్ళలో ఆవిడ ఎప్పుడు నాకేం చెప్పబోయినా నేను పేపర్లు దిద్దుతూనే విన్నాను. ఇప్పుడు నా దగ్గరే చెప్పవలసింది ఉంది, వినేవాళ్ళు లేరు.

వెళ్ళినవాణ్ణి ఎలాగూ వెళ్ళాను కదా అని మంచినీళ్ళు తాగి, పంచదార డబ్బా కోసం అలమార తీశాను. తలుపు లోపలివైపు ఓ కాయితం అంటించి ఉంది. 'నిప్పు మీద నీళ్ళు. నీళ్ళ మీద గడ్డి. గడ్డి మీద నిప్పు. రాయి మీద నీళ్ళు.' త్రిపుర గుండ్రటి అక్షరాలు. ఇన్నేళ్ళూ అదేదో నోము తాలూకు నియమం అనుకున్నాను.

ఓరోజు రామతులసి మాటల్లో మార్పిడి సంగతి వచ్చింది. ఇద్దరు ఆటగాళ్ళు పక్కపక్కన నిలబడి తమ జంతువుల్ని ఒకరికొకరు ఇచ్చుకోవచ్చట.

"ఆంటీకి అన్ని పతకాలూ ఉన్నాయండీ, మార్పిడి పతకం ఒక్కటే లేదు. నేను చేద్దామంటే ఒప్పుకోలేదు. మొదటిది మా మాస్టారితోనే అనేవారు."

నాకు గుర్తుంది. ప్రీఫైనల్ పేపర్లు దిద్దుతున్నాను. గుమ్మంలో ఫోను పట్టుకుని నిలబడింది.

"ఏమండీ, మీ ఫోన్లో కూడా వేసుకోండి. ఒక్కసారి మార్చుకుందాం. పక్కన నిలబడితే చాలట."

"ఈ వయసులో బొమ్మలు మార్చుకుంటామా? సిగ్గులేకపోతే సరి," అన్నాను తలెత్తకుండా.

ఇంకో రెండుసార్లు అడిగింది. తరవాత మానేసింది. మానేసిందన్న సంగతి కూడా నేను గమనించలేదు.

అయితే ఇప్పుడు దారి దొరికింది. నా ఫోన్లో ఆట వేసుకుని, మార్పిడి చేసి, పునుగుని నా దగ్గరికి తెచ్చేసుకుంటే సరి. ఆవిడ కోరికా తీరుతుంది, పునుగూ బతుకుతుంది. ఆ మాట రామతులసితో అనలేదు. పూర్తిచేసి చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఈలోగా ఆ అమ్మాయి బంధువుల పెళ్ళికని పామర్రు వెళ్ళింది. ఫోను తెర కూడా ఓ అంచున లేచింది. ఈ ఆదివారం నేనే పట్టుకుపోతాను, ఇంక నీ ఫొటోల కబుర్లు చెప్పకు అని శాంభవి ఫోన్ చేసి తేల్చేసింది.

గురువారం పొద్దున్న పార్కులో అదే బెంచీ మీద కూర్చున్నాను. కుడివైపు నా ఫోను, ఎడమవైపు ఆవిడ ఫోను. మార్పిడికి ముందు ఇద్దరూ ఆటలో స్నేహితులు కావాలి. ఇక్కడ నొక్కి అడిగాను, అక్కడ నొక్కి ఒప్పుకున్నాను. 'నాగేశ్వరరావు, త్రిపుర66 ఇప్పుడు కొత్త స్నేహితులు' అని వచ్చింది. ముప్పై నాలుగేళ్ళ కాపురానికి కొత్త స్నేహితులం. నవ్వొచ్చింది.

నేను మొదట పట్టిన పొగపురుగుని ఇచ్చి, పునుగుని ఎంచి, రెండు ఫోన్ల మీదా ఒకేసారి సరే నొక్కాను. రెండు తెరల మీదా వెలుగు తిరిగింది. ఆవిడ ఫోను మీద బంగారురంగు పతకం లేచింది, 'మొదటి మార్పిడి'. నా ఫోను మీద గోధుమరంగు జంతువు గెంతింది. పేరు చూస్తే జలగుండు అనే ఉంది. పోనీలే, పేరు మళ్ళీ పెట్టుకోవచ్చనుకుని మార్కులు తెరిచాను.

దాడి పదిహేను. రక్షణ పద్నాలుగు. ప్రాణం పదమూడు.

ఏదో తప్పు నొక్కాననుకుని మూసి తెరిచాను. అవే అంకెలు. పామర్రులో ఉన్న రామతులసికి ఫోన్ చేసి అంకెలు చెప్పాను. వెనకాల మేళం వినపడుతోంది.

"తొంభై మూడు శాతమా! అదృష్టమంటే మీదే మాస్టారూ! మేం ఏళ్ళ తరబడి తిరిగినా అంతది దొరకలేదు. కంగ్రాట్స్ అండీ!"

"అది కాదమ్మా. ఒకటి, మూడు, పదిహేను ఉండాలి కదా?"

"మార్పిడి చేస్తే పాత మార్కులుండవండీ, మళ్ళీ కొత్తగా పడతాయి. మీకు తెలుసనుకున్నాను."

"తిరిగి ఇచ్చేస్తే?"

"ఒకసారి మారినదాన్ని మళ్ళీ మార్చనివ్వదండీ." మేళానికి దూరంగా నడిచి వెళ్ళినట్టుంది, చప్పుడు తగ్గింది. "మాస్టారూ... అది పునుగా?"

ఫోన్ పెట్టేశాను. ఇల్లు మారినంత మాత్రాన మనిషి ఎత్తు మారదు కదా, అంకెలు దాని సొంతమే అనుకున్నాను. సూత్రమంతా తలకిందులుగా అప్పజెప్పగలను, ఒక్క నిబంధన చదవలేదు. ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాసేవాళ్ళని నేను లేపి నిలబెట్టేవాణ్ణి. ఇప్పుడు నా చేతిలో ఊరందరూ మెచ్చుకునే జంతువు ఉంది. మూడు రోజులు కోటలో నిలబడింది అది కాదు.

ఎండెక్కుతోంది. అయినా లేవలేకపోయాను. పునుగు లేని ఆవిడ జాబితా ఎలా ఉందోనని ఎడమచేతి ఫోను తీశాను. ఇన్నాళ్ళూ జాబితాలో పైనున్న పునుగు దాటి కిందకి వెళ్ళలేదు నేను. మూడువందల చిల్లర జంతువులు. ఒక్కొక్కటే జరుపుతూ పోయాను. చిట్టచివర, అన్నిటికన్నా అడుగున, ఓ రాతితాబేలు. దానికి త్రిపుర పెట్టిన పేరు 'ఆయనకి'.

పట్టిన తేదీ 2021 ఫిబ్రవరి తొమ్మిది. ప్రీఫైనల్ పేపర్ల రోజులు. దాడి సున్నా, రక్షణ పదిహేను, ప్రాణం ఏడు. అన్ని జంతువులుండగా ఎంచి ఎంచి తాబేలుని పెట్టింది నాకు. అదీ డిప్ప ఎంత గట్టిదో చూసి మరీ. ఆ పూట ఇది చేతిలో పెట్టుకునే గుమ్మంలో నిలబడింది. నేను సిగ్గులేకపోతే సరి అన్నాక కూడా వదిలెయ్యలేదు. మూడేళ్ళు ఉంచింది.

శుక్రవారం మార్పిడి చెయ్యలేదు. శనివారం చెయ్యలేదు. మారిస్తే ఆ పేరు చెరిగిపోతుంది. మార్చకపోతే ఫోనుతోపాటు తాబేలే పోతుంది. రెండు రోజులూ అన్నం సహించలేదు.

ఆదివారం శాంభవి వస్తూనే బాల్కనీలోకి నడిచింది. ఛార్జరు చూసింది, బకెట్టు చూసింది.

"దీనికి ఛార్జింగ్ పెడుతున్నావా? నీకేమన్నా మతిపోయిందా నాన్నా? అమ్మ పోయింది చాలదా నాకు?"

"తిట్టు," అన్నాను. "తిట్టేముందు ఇది చూడు."

చూసింది. ఆ నాలుగక్షరాలూ చదివి, ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూలబడి, ఫొటోల అబద్ధం నుంచి పునుగు దాకా అంతా చెప్పాను. జనవరి నుంచి కోపంతోనే నెట్టుకొచ్చిన పిల్ల నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

కాసేపటికి మొహం తుడుచుకుంది. "ఇంకా ఎందుకు మార్చలేదు?"

"మారిస్తే అమ్మ రాసింది పోతుందే."

శాంభవి ఆ ఫోనుని ఒళ్ళోకి తీసుకుంది.

"అది పేరు కాదు నాన్నా, అడ్రసు. చేరాక ఇంకెందుకు?"

ఇద్దరం కాలువ గట్టుకి నడిచాం. శాంభవి చీరకొంగు అడ్డం పెట్టుకుని వాళ్ళమ్మ ఫోను పట్టుకుంది. నాలుగు శాతం మిగిలింది. దూరంగా నిలబడినా పని జరుగుతుందట, కానీ పక్కన నిలబడాలిగా అని తనే దగ్గరికి జరిగింది. ముందురోజు సాయంత్రం తిరిగి తిరిగి పట్టిన కలువరెక్కని నేను ఇవ్వడానికి పెట్టాను. దానికి 'త్రిపురకి' అని పేరు రాశాను. చెరిగిపోతుందని తెలిసే రాశాను.

"నొక్కనా?" అంది శాంభవి.

"నొక్కమ్మా."

వెలుగు తిరిగి ఆగింది. నా తెర మీద తాబేలు తల బయటపెట్టింది. దాడి తొమ్మిది, రక్షణ రెండు, ప్రాణం ఆరు.

"రక్షణ రెండేనా?" అంది శాంభవి వంగి చూసి. "అయ్యో, ఎవరు కొట్టినా తగులుతుంది దీనికి."

"తగలనీ," అన్నాను.

ఆ సాయంత్రం ఇసుక డబ్బాని తనే పట్టుకెళ్ళి, పాత బ్యాటరీలు తీసుకునేచోట అప్పగించింది. జూన్‌లో బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలారు. మొదట బురదనీళ్ళు, రెండు రోజులకి గట్టు ఒరుసుకుంటూ కాలువ నిండింది. నేను పొద్దున్నే గొడుగు తీసుకుని బయల్దేరడం అలవాటు చేసుకున్నాను. ఆదివారాలు శాంభవి కూడా వస్తుంది, తన ఫోన్లోనూ వేసుకుంది. జలగుండుకి పునుగనే పేరు పెట్టాను. కోటలో నిప్పుకోడిని కొట్టినప్పుడల్లా ఏడు తగులుతుంది. ఆరు చాలు నాకు.

ఆటలో నాకిప్పుడు చాలామంది స్నేహితులు. ఆ జాబితాలో ఒక్కో పేరు కింద వాళ్ళు ఆఖరిసారి ఎప్పుడు ఆడారో ఉంటుంది. రామతులసి, ఈ రోజు. శాంభవి, నిన్న. త్రిపుర66 పేరు కింద కూడా మార్పిడి అయిన ఆ ఆదివారం 'ఈ రోజు' అనే ఉంది. ఆ రాత్రి దాకా దాన్ని పదిసార్లు తెరిచి చూసుకున్నాను. మర్నాడు, ఒక రోజు కిందట. ఆ మర్నాడు, రెండు రోజుల కిందట. ఏం చేసినా, ఎంత నడిచినా, రోజుకి ఒకటి చొప్పున కలుస్తూనే ఉంది.

మళ్ళీ కాలువలు కట్టేస్తారని నిన్న పేపర్లో వేశారు. ఇవాళ పొద్దున్న బెంచీ మీద కూర్చుని, ఎడమవైపు కాస్త చోటు వదిలి, జాబితా తెరిచాను. త్రిపుర66, మూడువందల పదకొండు రోజుల కిందట.